నిమిషానికి ఎన్ని చుట్లు?

అనంతపురం జిల్లా బెళుగుప్ప మండలంలో బడికో, పొలానికో, పాల కేంద్రానికో రోజూ సైకిల్ మీద వెళ్లివచ్చేవారు తరచుగా చెప్పుకునే బాధ ఒకటి ఉంది: దూరం పెద్దగా లేకపోయినా ఇల్లు చేరేసరికి తొడల ముందు భాగం బిగుసుకుపోతుంది, మోకాలిచిప్ప చుట్టూ నొప్పి లేస్తుంది, మరుసటి ఉదయం మెట్లు దిగడం కూడా కష్టమవుతుంది. ఒంట్లో బలం చాలకనే ఇలా జరుగుతోందని అనుకుని సరిపెట్టుకునేవారే ఎక్కువ. అయితే వేరుశనగ బస్తాను భుజానికెత్తుకుని చేను గట్ల మీద నడవగలిగిన కాళ్లు ఆరు కిలోమీటర్ల తారురోడ్డు మీద ఎందుకు ఓడిపోవాలి? ఉన్న బలాన్ని పెడల్ మీద ఎంత వేగంతో, ఎంతెంత మోతాదుల్లో ఖర్చు చేస్తున్నారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. గేర్లు లేని మామూలు సైకిల్ మీద, ఎదురుగాలి వీచే మెట్టలో, ఎవరికి వారు చేసుకోగల మార్పులను ఈ అధ్యాయం వివరిస్తుంది.

పెడల్ ఒక నిమిషంలో ఎన్ని పూర్తి చుట్లు తిరుగుతుందో ఆ సంఖ్యను సైక్లింగ్ శిక్షకులు కేడెన్స్ అంటారు. ఈ అధ్యాయంలో దానిని తొక్కుడు లయ అని వ్యవహరించడమైనది. సైకిల్ ముందుకు పోయే వేగమూ తొక్కుడు లయా ఒకటి కావు. ఒకే రోడ్డు మీద ఒకే వేగంతో పక్కపక్కనే పోతున్న ఇద్దరిలో ఒకరి పెడల్ నిమిషానికి నలభై చుట్లు, మరొకరిది డెబ్బై చుట్లు తిరుగుతూ ఉండవచ్చు. ఆ ఇద్దరి కాళ్ల మీద పడే భారం మాత్రం ఒకటిగా ఉండదు.

సైకిల్‌ను కదిలించే సామర్థ్యం, అంటే ఒక్కో సెకనులో కాళ్లు చేసే పని, రెండు అంశాల గుణకారం వల్ల వస్తుంది: పెడల్ మీద పడే బలం ఒకటి, ఆ పెడల్ తిరిగే వేగం రెండవది. సామర్థ్యం మారకుండా ఉండాలంటే ఒకటి తగ్గినప్పుడు రెండవది పెరగక తప్పదు. పెడల్‌ను మోసే క్రాంక్ కడ్డీ పొడవు 170 మిల్లీమీటర్లు ఉన్న సైకిల్ మీద ఒక వ్యక్తి 100 వాట్ల సామర్థ్యంతో తొక్కుతున్నాడనుకుంటే, నిమిషానికి 40 చుట్ల లయలో పెడల్ మీద సగటున సుమారు 14 కిలోల బరువుకు సమానమైన బలం పడాలి. 60 చుట్ల లయలో తొమ్మిదిన్నర కిలోలు చాలు. 80 చుట్ల లయలో ఏడు కిలోలకు కాస్త పైన సరిపోతుంది. తొట్టి నింపవలసినవారు పెద్ద కడవతో కొద్దిసార్లు మోయవచ్చు, చిన్న బిందెతో ఎక్కువసార్లూ మోయవచ్చు. చేరే నీళ్లు ఒకటే అయినా సాయంత్రానికి నడుము చెప్పే కథ వేరుగా ఉంటుంది.

కండరాల లోపల జరిగేది తెలిస్తే ఈ తేడా మరింత స్పష్టపడుతుంది. పాదం కిందికి దిగే దశలో తొడ ముందు భాగంలోని క్వాడ్రిసెప్స్ కండరం మోకాలిని, పిరుదు కండరం తుంటిని చాపుతాయి; పనిలో అధిక భాగం ఈ రెండింటిదే. పిక్క కండరాలు చీలమండను బిగించి పట్టి ఆ బలాన్ని పెడల్‌కు చేరవేస్తాయి. ఈ కండరాలన్నింటిలోనూ రెండు రకాల తంతువులు ఉంటాయి: నెమ్మదిగా సంకోచిస్తూ గంటల తరబడి అలసట లేకుండా పనిచేసేవి మొదటి రకం, గట్టిగా, చురుగ్గా సంకోచించి త్వరగా అలసిపోయేవి రెండవ రకం. కావలసిన బలం తక్కువగా ఉన్నంతవరకు నాడీమండలం మొదటి రకం తంతువులనే పనిలోకి దించుతుంది. బలం పెరిగేకొద్దీ రెండవ రకాన్ని కూడా పిలవక తప్పదు. 1992లో ఆల్‌క్విస్ట్ బృందం ప్రచురించిన ప్రయోగంలో ఒకే శ్రమ స్థాయిలో అరగంట పాటు 50 చుట్ల లయలోనూ, 100 చుట్ల లయలోనూ తొక్కించి తొడ కండరాలను పరిశీలించగా, కండరంలో నిల్వ ఉండే పిండి ఇంధనమైన గ్లైకోజెన్ రెండవ రకం తంతువుల్లో 50 చుట్ల లయలోనే ఎక్కువగా తరిగిపోయింది. దీనికి తోడు, కండరం గట్టిగా బిగుసుకున్న ప్రతిసారీ దాని లోపలి రక్తనాళాలు నొక్కుకుపోయి రక్తప్రసరణ మందగిస్తుంది. నెమ్మదిగా, బలంగా తొక్కేవారి తొడలు ముందుగా మండడానికి ఈ రెండూ కారణాలే.

అలాగైతే ఎంత వేగంగా తిప్పితే అంత మంచిదా? కాదు. పెడల్ మీద ఏ భారమూ లేకపోయినా కాళ్లను పైకీ కిందికీ ఆడించడానికే కొంత శక్తి ఖర్చవుతుంది. లయ పెరిగేకొద్దీ ఈ వృథా పెరిగి, తిన్న ఆహారం నుంచి వెలువడిన శక్తిలో చక్రానికి చేరే వాటా, అంటే దక్షత, తగ్గిపోతుంది. సైకిల్ తొక్కే మనిషి దక్షత సాధారణంగా 20 నుంచి 25 శాతం మధ్య ఉంటుంది. మిగిలినదంతా వేడిగా మారుతుంది. కోస్ట్, వెల్చ్ అనే పరిశోధకులు 1985లో శిక్షణ పొందిన సైకిలిస్టులను పరీక్షించినప్పుడు, 100 వాట్ల దగ్గర సుమారు 50 చుట్ల లయలోనూ, 300 వాట్ల దగ్గర 80కి కాస్త తక్కువ లయలోనూ శరీరం అతి తక్కువ ఆక్సిజన్‌తో పని జరుపుకుంది. మరోవైపు తకైషీ బృందం 1996లో ప్రచురించిన ప్రయోగంలో సైకిలిస్టులకు ఆక్సిజన్ ఖర్చు 60, 70 చుట్ల దగ్గర తక్కువగా ఉన్నా, కండరాల అలసట 80, 90 చుట్ల దగ్గరే తక్కువగా కనిపించింది. అంటే ఊపిరికి అనుకూలమైన లయ కాస్త తక్కువ, కండరానికి అనుకూలమైన లయ కాస్త ఎక్కువ. తొక్కేవారు ఈ రెండింటి మధ్య తమ చోటును వెతుక్కోవాలి. ఊరి రోడ్ల మీద 50 నుంచి 120 వాట్ల మధ్య శ్రమించే సాధారణ పాఠకుడికి చదునైన దారిలో 60 నుంచి 75 చుట్ల లయ తగినది. చాలాసేపు 50కి దిగువన ఉండిపోవడం మోకాళ్లకు మంచిది కాదు. 90 దాటవలసిన అవసరం అసలే లేదు.

ఇక చేయవలసిన పనులు.

1. ముందుగా ఇప్పటి లయను లెక్కించాలి. గాలి పెద్దగా లేని ఉదయం, చదునైన రోడ్డు మీద అలవాటైన వేగంతో పోతూ, కుడి మోకాలు పైకి లేచిన ప్రతిసారీ ఒకటి చొప్పున పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే లయ తెలిసిపోతుంది. పదిహేను సెకన్లలో పది వస్తే లయ 40, పదిహేను వస్తే 60. చేతి గడియారం వైపు చూస్తూ తొక్కడం ప్రమాదం కనుక వెనుక క్యారియర్ మీద కూర్చున్నవారో, పక్కన వచ్చే స్నేహితులో సమయం చెప్పడం మేలు. మూడు వేర్వేరు చోట్ల లెక్కించి రాసి పెట్టుకోవాలి. తరువాతి మార్పులన్నీ ఈ అంకెతోనే పోల్చుకోవాలి.

2. పళ్లు లెక్కపెట్టాలి. ముందున్న చైన్ వీల్ పళ్లనూ, వెనుక చక్రానికి ఉండే ఫ్రీవీల్ పళ్లనూ సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టుకుని లెక్కించడానికి రెండు నిమిషాలు చాలు. ముందు 44, వెనుక 18 పళ్లు ఉన్నాయనుకుంటే, పెడల్ ఒకసారి తిరిగినప్పుడు చక్రం దాదాపు రెండున్నర సార్లు తిరుగుతుంది; 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు కనుక సైకిల్ ఒక చుట్టుకు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. ఈ అమరికలో 60 చుట్ల లయను నిలుపుకోవాలంటే గంటకు 19 కిలోమీటర్ల వేగంతో పోవాలి. పుస్తకాల సంచితో, ఎగుడుదిగుడు రోడ్డు మీద పోయే పదమూడేళ్ల బాలికకు అది సాధ్యమా? ఆమె గంటకు పన్నెండు కిలోమీటర్లతో పోతుంది, లయ 37కు పడిపోతుంది, నొప్పి అక్కడే పుడుతుంది. ఆమె తొక్కే తీరును తప్పుపట్టేముందు సైకిల్ పళ్లను చూడాలి.

3. వెనుక పళ్లచక్రాన్ని మార్చుకోవాలి. ఈ అధ్యాయంలోని సూచనలన్నింటిలోకీ ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. అయినా దీని గురించి సైకిల్ షాపులో అడిగేవారు అరుదు. ఫ్రీవీల్‌ను 18 పళ్ల నుంచి 20కి మారిస్తే ఒక చుట్టుకు దూరం 4.8 మీటర్లకు, 22కు మారిస్తే 4.4 మీటర్లకు తగ్గుతుంది. 22 పళ్లతో నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు దాదాపు 16 కిలోమీటర్ల వేగం వస్తుంది. పల్లె రోడ్ల మీద సైకిళ్లు నిజంగా పోయే వేగానికి ఇది చక్కగా సరిపోతుంది. ఆరు కిలోమీటర్ల దారికి మునుపు సుమారు 1,110 చుట్లు పట్టినచోట ఇప్పుడు 1,360 చుట్లు పడతాయి కానీ ప్రతి చుట్టులో పెడల్ మీద పడవలసిన బలం 18 శాతం తగ్గుతుంది. ఫ్రీవీల్ నాలుగు పళ్లు పెద్దదైతే వెనుక ఇరుసు ఫోర్కు గాడిలో సుమారు అరంగుళం ముందుకు జరుగుతుంది. గాడిలో అంత చోటు లేకపోతే చైనుకు లింకులు కలపాలి. ఇరుసు జరిగిన తరువాత వెనుక బ్రేకు కట్టెలు రిమ్ముకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయో లేదో తప్పక చూసుకోవాలి, లేకపోతే బ్రేకు పట్టదు. వేగం పోతుందని భయపడేవారు ముందు 20 పళ్లతో మొదలుపెట్టవచ్చు.

పళ్లు మార్చుకోవడం బలహీనుల పని అన్న భావన కొత్తది కాదు. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ పందెంలో, గేర్లు మార్చే యంత్రాన్ని పందెం స్థాపకుడు ఆన్రీ దెగ్రాంజ్ చాలా ఏళ్లపాటు అనుమతించలేదు; పందెగాళ్లు కొండ మొదట్లో సైకిల్ దిగి, రెండు వైపులా వేర్వేరు పళ్లచక్రాలు ఉన్న వెనుక చక్రాన్ని ఊడదీసి తిప్పి బిగించుకునేవారు. 1937లో గాని ఆ నిషేధం తొలగలేదు. ప్రపంచంలోని అత్యుత్తమ కాళ్లు సైతం కొండ కింద ఆగి పెద్ద పళ్లచక్రానికి మారినప్పుడు, బడిపిల్లలు, పాలు పోసేవారు అదే పని చేయడంలో చిన్నతనం ఏముంది?

4. సీటు ఎత్తు సరిచేసుకోవాలి. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలన్న కోరికతో సీటును కిందికి దించుకోవడం చాలా సాధారణమైన పొరపాటు. సీటు కిందికి ఉన్నప్పుడు పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు అతిగా ముడుచుకుంటుంది. అలా ముడుచుకున్న స్థితిలోనే బలం వేయవలసి రావడం వల్ల మోకాలిచిప్ప తొడ ఎముకకు గట్టిగా ఒత్తుకుంటుంది, పిరుదు కండరానికి పని తగ్గి భారమంతా తొడ ముందు భాగం మీద పడుతుంది. పైగా ముడుచుకున్న కాలితో లయ పెంచడం కష్టం. సరిచేసే పద్ధతి సులువు. సైకిల్‌ను గోడకు ఆనించి, సీటు మీద నిటారుగా కూర్చుని, పెడల్‌ను అన్నింటికంటే కిందికి తెచ్చి మడమను దాని మీద పెట్టాలి. అప్పుడు మోకాలు పూర్తిగా చాచుకోవాలి, నడుము మాత్రం పక్కకు ఒరగకూడదు. తరువాత వేళ్ల మొదళ్ల దగ్గరి పాదభాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలు తగినంతగా వంగి ఉంటుంది. కొలతతో సరిచూసుకోదలచినవారు గోడకు ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబడి, తొడల మధ్య నుంచి నేల వరకు కాలి లోపలి పొడవు కొలిచి 1.09తో హెచ్చించాలి, 1967లో హామ్లీ, థామస్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన ఈ లెక్క ప్రకారం 75 సెంటీమీటర్ల కాలు ఉన్నవారికి కింది పెడల్ నుంచి సీటు పైభాగం వరకు దాదాపు 82 సెంటీమీటర్లు ఉండాలి.

అయితే ఒక్కసారిగా మూడు అంగుళాలు పెంచితే ఎవరికైనా భయం వేస్తుంది. వారానికి అరంగుళం చొప్పున పెంచుకుంటూ, ఆగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు జారి ఒక పాదాన్ని నేలకు ఆనించడం ఖాళీ స్థలంలో సాధన చేయాలి. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే సీటు ఎత్తు గురించిన భయం పోతుంది. సీటు కడ్డీ మీద చెక్కి ఉన్న గరిష్ఠ గుర్తును దాటి పైకి లాగకూడదు. అంత ఎత్తు అవసరమైతే ఆ సైకిల్ ఆ మనిషికి చిన్నదని అర్థం.

5. పాదం మధ్యభాగం కంటే కాస్త ముందు భాగం పెడల్ మీద ఉండాలి. తడిసిన హవాయి చెప్పులు జారుతాయి కనుక వెనుక పట్టీ ఉన్నవి వేసుకోవడం మంచిది.

6. లయను నెమ్మదిగా పెంచుకోవాలి. నలభైకి అలవాటుపడిన కాళ్లు ఒక్కరోజులో డెబ్బైకి మారవు; మార్చబోతే ఒళ్లు సీటు మీద ఎగిరెగిరి పడుతుంది, ఊపిరి ఆడదు, ఇది మనకు పనికిరాదన్న నిరాశ మిగులుతుంది. మొదటి వారం దారిలో ఒకచోట, గాలి లేనప్పుడు, అలవాటైన లయ కంటే ఐదు చుట్లు మాత్రమే ఎక్కువగా మూడు నిమిషాలు తొక్కి మళ్లీ మామూలుకు రావాలి. రెండవ వారం అలాంటి మూడు నిమిషాలు రోజుకు మూడుసార్లు. మూడవ వారం మరో ఐదు చుట్లు. ఒళ్లు ఎగురుతున్నట్టు అనిపిస్తే అది ఆనాటి హద్దు అని గ్రహించి రెండు చుట్లు తగ్గించాలి. భుజాలు సడలించి, హ్యాండిల్‌ను పిడికిలితో నొక్కకుండా తేలికగా పట్టుకుంటే ఆ ఎగురుడు చాలావరకు తగ్గుతుంది. కొత్త లయలో మొదట్లో ఆయాసం కాస్త ఎక్కువ అనిపించడం సహజం, ఎందుకంటే కండరం మీద తగ్గిన భారంలో కొంత గుండెకూ ఊపిరితిత్తులకూ బదిలీ అవుతుంది. వారాల సాధనతో ఆ రెండూ దానికి అలవాటుపడతాయి.

7. ఎదురుగాలిలో వేగాన్ని వదులుకుని లయను కాపాడుకోవాలి. పడమటి కనుమల చాటున ఉన్న అనంతపురం జిల్లాకు నైరుతి రుతుపవనాలు వానను కరువుగానే తెస్తాయి, ఏడాది మొత్తానికి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. గాలిని మాత్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా ధారాళంగా తెస్తాయి. బెళుగుప్ప చుట్టుపక్కల చేలల్లో గాలిమరలు నిలబడడానికి కారణమైన ఆ గాలే సైకిల్ తొక్కేవారికి కనిపించని కొండ. గాలి లేనప్పుడు గంటకు 15 కిలోమీటర్లతో పోయే సైకిల్‌కు అదే వేగంతో ఎదురుగాలి తగిలితే, గాలి అడ్డుకునే బలం నాలుగింతలు అవుతుంది. ఎందుకంటే ఆ బలం, సైకిల్‌కూ గాలికీ మధ్య ఉన్న వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. నిటారుగా కూర్చుని బరువైన సైకిల్ తొక్కే వ్యక్తికి సుమారు 50 వాట్లతో సరిపోయిన ప్రయాణం అప్పుడు దాదాపు 120 వాట్లు అడుగుతుంది.

ఉదాహరణకు, జూలై నెలలో రాయదుర్గం దిక్కుగా, అంటే పడమరకు, ఒక యువకుడు బయలుదేరాడనుకోవాలి. 18 పళ్ల ఫ్రీవీల్‌తో అతని వేగం గంటకు పది కిలోమీటర్లకు తగ్గగానే లయ 31కి పడిపోతుంది. ప్రతి చుట్టునూ శరీరమంతా ఊపి తోయవలసి వస్తుంది, అరగంటలో తొడలు చచ్చుబడతాయి. 22 పళ్లతో అదే వేగంలో లయ 38. అది కూడా తక్కువే అయినా మోకాలికి ఆ తేడా తెలుస్తుంది. అతను చేయవలసినది మామూలు సమయానికి చేరాలన్న పట్టుదలను ఆ నెలల్లో పక్కన పెట్టి పావుగంట ముందుగా బయలుదేరడం, మోచేతులు వంచి ఛాతీని కిందికి తెచ్చి గాలికి తగిలే ఒంటి వైశాల్యాన్ని తగ్గించడం, రెపరెపలాడే కండువానూ వదులు చొక్కానూ బిగించుకోవడం, ఇద్దరు ముగ్గురు కలిసి పోతున్నప్పుడు ఒకరి వెనుక ఒకరుగా వరుసలో పోతూ ముందుండే వంతును రెండు మూడు నిమిషాలకొకసారి మార్చుకోవడం. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనుక నుంచి తోస్తుంది. అప్పుడు పెడల్‌ను ఆపేసి కూర్చోకుండా తేలికగా 70, 75 చుట్లు తిప్పుతూ వస్తే బిగుసుకున్న కండరాలకు రక్తం బాగా ప్రసరిస్తుంది. లయ సాధనకు అంతకంటే మంచి సమయం దొరకదు.

8. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు మోసేటప్పుడు లయ తగ్గడం సహజమే. వృత్తి సైకిలిస్టులే చదునైన దారుల్లో 90 దగ్గర తిప్పి, ఎత్తైన కొండల మీద 70 దగ్గరకు వస్తారని లూసియా బృందం 2001లో ప్రచురించిన కొలతలు చూపాయి. కనుక ఎత్తు మీద 50 నిలిస్తే సంతోషించవచ్చు. లయ 35 కంటే తగ్గిపోయే చోట కొద్ది గజాలు సీటు మీద నుంచి లేచి శరీరపు బరువును పెడల్ మీద వేయడం సరే. అంతకంటే పొడవైన ఎత్తు అయితే, ముఖ్యంగా క్యారియర్‌కు పాల క్యాన్లో గడ్డి మోపో ఉన్నప్పుడు, దిగి తోసుకుంటూ నడవడమే మోకాలికి క్షేమం. నడిచినందువల్ల పోయే సమయం రెండు మూడు నిమిషాలకు మించదు.

9. చైనుకు పట్టిన ఎర్రమట్టిని వారానికోసారి కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి నూనె చుక్కలు వేయాలి, టైర్లలో గాలి గట్టిగా ఉంచాలి. బ్రేకు కట్టె రిమ్ముకు రాసుకుంటూ ఉంటే మిగిలిన శ్రమంతా వృథా.

ఈ పనులు చేస్తూనే కొన్ని అలవాట్లను వదులుకోవాలి. వాటిలో పెద్దది ఐదారు చుట్లు బలంగా తొక్కి, తరువాత పెడల్ ఆపి సైకిల్‌ను దొర్లనివ్వడం. ఇలా పోయేవారికి విశ్రాంతి దొరుకుతున్నట్టు అనిపిస్తుంది. కానీ వేగం పడిపోయిన ప్రతిసారీ సైకిల్‌ను మళ్లీ పుంజుకునేలా చేయడానికి అలసిపోయే రెండవ రకం తంతువులే పనిలోకి రావలసి వస్తుంది. దిగువ దారి మీద తప్ప మిగిలినచోట్ల తేలికగానైనా సరే, ఆపకుండా తిప్పడం మేలు. గేర్ల సైకిల్ కొనుక్కున్న యువకులు చేసే పొరపాటు మరొకటి: పెద్ద గేరులో పెట్టి ఏడాదంతా దానినే వాడడం. బరువైన గేరు తొక్కితే కాళ్లు గట్టిపడతాయన్న నమ్మకం దీని వెనుక ఉంది. గట్టిపడాలనుకునేవారు విడిగా గుంజీలు తీయవచ్చు గాని, రోజువారీ ప్రయాణం మోకాలిని పరీక్షించే చోటు కాదు. ఎత్తు మొదలయ్యాక బలంగా తొక్కుతూ గేరు మార్చితే చైను జారుతుంది కనుక, ఎత్తుకు కాస్త ముందే, పెడల్ మీద బలం తగ్గించి మార్చుకోవాలి. దీనికి వ్యతిరేకమైన తప్పు, టీవీలో పందెగాళ్లను చూసి వారి లయను అనుకరించబోవడం. వారు గంటల తరబడి నిలిపే సామర్థ్యం వేరు, 80 వాట్లతో పోయే మనిషి 95 చుట్లు తిప్పితే మిగిలేది ఆయాసమే.

వేసవి విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పెడల్‌కు 100 వాట్లు చేరుతున్నప్పుడు శరీరంలో అంతకు మూడు నాలుగింతల వేడి పుడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి వేడి 40 డిగ్రీలు చేరినప్పుడు చర్మం కంటే గాలే వేడిగా ఉంటుంది కనుక చెమట ఆరడం తప్ప ఆ వేడికి బయటపడే దారి లేదు. అప్పుడు లయను 55, 60 దగ్గర ఉంచి వేగాన్ని తగ్గించడం, ఎండ ముదరకముందే ప్రయాణం ముగించడం, దాహం వేసేవరకు ఆగకుండా నీళ్లు తాగడం అవసరం. తల తిరగడం, చెమట ఆగిపోవడం కనిపిస్తే వెంటనే నీడలో ఆగిపోవాలి. అలాగే సీటునూ లయనూ సరిచేసుకున్న మూడు నాలుగు వారాల తరువాత కూడా మోకాలు వాచి ఉన్నా, రాత్రి నొప్పి నిద్ర పోనివ్వకపోయినా వైద్యుడికి చూపించాలి. అది తొక్కే పద్ధతితో నయమయ్యే నొప్పి కాకపోవచ్చు.

ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఇందులో ప్రత్యేకమైన బాధ్యత ఉంది. బిహార్ ప్రభుత్వం 2006లో బాలికలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టాక, వయసుకు తగిన తరగతిలో హైస్కూలు చదువులో చేరే బాలికల సంఖ్య 32 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ తమ అధ్యయనంలో తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా బడికొస్తా పథకం కింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు అందాయి. ఒక సైకిల్ ఒక బాలిక చదువును నిలబెట్టగలదని తెలిసినప్పుడు, ఆ సైకిల్ సీటు ఆమె కాలి పొడవుకు సరిపోయిందో లేదో చూడడానికి ఐదు నిమిషాలు వెచ్చించలేమా? ఒకే కొలతతో వచ్చిన సైకిళ్లను పొట్టి, పొడుగు తేడా లేకుండా పిల్లలు తొక్కుతూ, నొప్పి వచ్చినా ఎవరికీ చెప్పుకోకుండా చివరకు సైకిల్‌ను ఇంట్లో వదిలేయడం ఎంతమాత్రం జరగకూడదు.

జీడిపల్లి, శ్రీరంగాపురం, తగ్గుపర్తి, గంగవరం వంటి ఊళ్లలో బడులు తెరిచే జూన్ నెలలోనే గాలులు కూడా మొదలవుతాయి కనుక ఈ పనికి మొదటి శనివారం సాయంత్రం తగిన సమయం. ఒక పానా, ఒక టేపు, ఒక గాలి పంపు, కొంచెం నూనె ఉంటే చాలు. ముందు ప్రతి సైకిల్‌కు బ్రేకులు, టైర్లలో గాలి చూడాలి. తరువాత మడమ పద్ధతిలో సీటు ఎత్తును సరిచేసి, సీటు కడ్డీ మీద రంగు టేపుతో గుర్తు పెట్టాలి. ఆపైన పిల్లల చేతనే చైన్ వీల్, ఫ్రీవీల్ పళ్లను లెక్కపెట్టించి, ఒక చుట్టుకు సైకిల్ ఎంత దూరం పోతుందో నోటుపుస్తకంలో లెక్క వేయించాలి. ఎనిమిదో తరగతి గణితానికి ఇంతకంటే మంచి అభ్యాసం ఉండదు. 18 పళ్లు ఉన్న సైకిళ్ల జాబితా తయారైతే, వాటికి ఒకేసారి 20 లేదా 22 పళ్ల ఫ్రీవీల్ వేయించే విషయం తల్లిదండ్రుల సమావేశంలో పెట్టవచ్చు. ఎదిగే పిల్లల కాళ్లు ఏడాదిలో కొన్ని సెంటీమీటర్లు పెరుగుతాయి కనుక సంక్రాంతి సెలవుల తరువాత సీటు ఎత్తును మళ్లీ కొలిచి, టేపు గుర్తును కొత్తచోటికి మార్చాలి.